పులి నోట్లో తల పెట్టిన దర్శకుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పెరూ దర్శకుడు ఫ్రాన్సిస్కో లొంబార్ది పేరు ఒక్క వాక్యంలో రాసి, దొరికితే ఆయన 'లా బోకా దెల్ లోబో' చూడండి అని వదిలేశాను. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో సగం దాని గురించే ఉన్నాయి. కొందరికి నచ్చింది, ఒకరిద్దరికి నిద్ర పట్టలేదు, ఒకాయనకు బాగా కోపమొచ్చింది. అందుకే ఈసారి పేజీ మొత్తం లొంబార్దికే ఇచ్చేస్తున్నాను, మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: పెరూ అంటే మాచు పిచ్చు ఫోటోలు తప్ప మాకేం తెలీదు. అక్కడ సినిమాలు కూడా తీస్తారా? అసలీ లొంబార్ది ఎవరు? (ఒక పీజీ విద్యార్థి, తిరుపతి)

తీస్తారు, నానా తిప్పలు పడి తీస్తారు. మన దగ్గర ఒక్క శుక్రవారం నాలుగైదు తెలుగు సినిమాలు విడుదలవుతుంటే అక్కడ ఏడాది మొత్తానికి అన్ని సినిమాలు రాని రోజులు కూడా ఉన్నాయి. పెరూ మనకు మరీ అంత తెలియని దేశం కూడా కాదులే. మదనపల్లె మార్కెట్లో లారీలకెక్కే టమాటా పూర్వీకులు పెరిగింది ఆ ఆండీస్ కొండల వైపే, మన మెట్ట చేలల్లో వేసే వేరుసెనగ పుట్టిల్లు కూడా ఆ దక్షిణ అమెరికానే. మనం రోజూ వాళ్ళ పంటే తింటున్నాం, వాళ్ళ కథలు మాత్రం ఇంకా మనదాకా రాలేదు.

లొంబార్ది 1940ల చివర్లో తక్నాలో పుట్టాడు. పెరూ దక్షిణపు కొసన, ఎడారిలో, చిలీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరది. 1880లో యుద్ధంలో చిలీ దాన్ని పట్టుకుంది, 1929లో గానీ తిరిగివ్వలేదు. అంటే ఆయన పుట్టేనాటికి ఆ ఊరు మళ్ళీ పెరూలో కలిసి ఇంచుమించు ఇరవై ఏళ్ళే అయింది. సరిహద్దు ఊరంటే ఏంటో చిత్తూరు వాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 1960లో తిరుత్తణి తమిళనాడులో కలిసిన సంగతి ఇప్పటికీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. కాకపోతే మన గీత కాగితాల మీద మారింది, వాళ్ళ గీతను సైన్యాలు మార్చాయి. యూనిఫాం వేసుకున్న మనుషుల గురించి ఇన్ని సినిమాలు తీసిన వ్యక్తి అలాంటి ఊరివాడే కావడం నాకు ఊరికే జరిగిందనిపించదు.

సినిమా చదువు కోసం అర్జెంటీనాలోని సాంతా ఫే వెళ్ళాడు. లీమాలో 'అబ్లేమోస్ దే సీనే' అనే పత్రిక ఉండేది, అంటే 'సినిమా గురించి మాట్లాడుకుందాం' అని అర్థం. దానికి సమీక్షలు రాశాడు. సినిమా తీయడానికి ముందు చూడటం, చూసినదాని గురించి రాయడం, ఆయన బడి అదీ. తర్వాత 1972లో అక్కడి సైనిక ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఆమోదం పొందిన దేశీయ చిన్న సినిమాను థియేటర్లలో పెద్ద సినిమాకు ముందు తప్పనిసరిగా వేయాలి, టికెట్ మీద పన్నులో కొంత వాటా ఆ చిన్న సినిమా తీసినవాళ్ళకు పోతుంది. మన థియేటర్లలో ఒకప్పుడు అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ రీలు వేసేవాళ్ళు గుర్తుందా, దానికి డబ్బులు కూడా వచ్చే ఏర్పాటు అనుకోండి. ఆ ఒక్క చట్టంతో ఒక తరం కుర్రాళ్ళు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. లొంబార్ది కూడా చిన్న సినిమాలు తీసి తీసి 1977లో మొదటి పెద్ద సినిమా 'మువెర్తే అల్ అమనెసేర్' తీశాడు. తెల్లవారుజామున చావు అని దాని అర్థం. 1957లో లీమాలో ఒక పసివాణ్ణి చంపాడన్న నేరం మీద ఒక పేదవాణ్ణి కాల్చి చంపారు, అతను చేయలేదని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంఘటనను ఆధారం చేసుకుని, శిక్ష అమలయ్యే ముందు రాత్రిని పట్టుకున్నాడు.

1980లో వచ్చిన రెండో సినిమా కూడా నిజంగా జరిగినదే. చేపల పిండి వ్యాపారంలో కోట్లు గడించిన లూయిస్ బాంచేరో రోస్సి 1972 జనవరి 1న హత్యకు గురయ్యాడు. ఆయనదీ తక్నానే, లొంబార్దికి సొంత ఊరివాడు.

ఇక్కడి నుంచి ఆయన సినిమాల్లో ఒక గుణం కనిపిస్తుంది. ప్రతిసారీ కొందరు మనుషుల్ని ఒకచోట పెట్టి తలుపు మూసేస్తాడు. జైలు, కోటీశ్వరుడి ఇల్లు, 1983 సినిమాలో మతి స్థిమితం లేనివాళ్ళతో సీసాలు కడిగించే షెడ్డు, ఆ తర్వాత మిలిటరీ స్కూలు, కొండమీద పల్లెలో సైనిక శిబిరం. బయటికి దారి లేనప్పుడు, పైనుంచి ఆర్డర్ వచ్చినప్పుడు ఒక మామూలు మనిషి ఏం చేస్తాడు? ముప్పై ఏళ్ళకు పైగా ఆయన అడిగింది ఈ ఒక్క ప్రశ్నే అని నా అభిప్రాయం.

ప్రశ్న: మీరు చెప్పారని 'లా బోకా దెల్ లోబో' చూశాను. నేను రిటైర్డ్ టీచర్ని, మా అబ్బాయి ఆర్మీలో ఉన్నాడు. సైనికుల్ని అలా చూపించడం నాకు బాధ కలిగించింది. దేశం కోసం ప్రాణాలిచ్చేవాళ్ళను తప్పుపట్టే సినిమాను మెచ్చుకోమని పాఠకులకు ఎలా చెబుతారు? (చిత్తూరు)

సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధ నాకు అర్థమైంది, పై పైన జవాబు చెప్పి తప్పించుకోను.

ముందు చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్పాలి. 'తోడేలు నోరు' అని ఆ పేరుకు అర్థం, మనం పులి నోట్లో తల పెట్టడం అంటామే, అలాంటి మాట. 1980 మే నెలలో ఆయాకూచో కొండల్లోని చుస్చి అనే పల్లెలో ఎన్నికల పెట్టెలు తగలబెట్టడంతో సెందేరో లుమినోసో అనే మావోయిస్టు దళం తిరుగుబాటు మొదలైంది. 1982 చివర్లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని సైన్యానికి అప్పగించింది. సినిమాలో పల్లె పేరు చుస్పి, ఎందుకలా పెట్టాడో ఇక వేరే చెప్పాలా. సముద్రతీరం నుంచి వచ్చిన కొద్దిమంది కుర్ర సైనికులు ఆ చలిలో దిగుతారు. అక్కడి జనం మాట్లాడేది కెచువా, వీళ్ళకు వచ్చింది స్పానిష్. తెల్లారి లేస్తే గోడల మీద ఎర్ర అక్షరాలు, కొండ మీద ఎర్ర జెండా. రెండు గంటల సినిమాలో శత్రువు ముఖం ఒక్కసారి కూడా కనబడదు. ఎవణ్ణి చూసినా వాడే అనిపించే ఆ టెన్షన్ మనకూ పట్టుకుంటుంది. మొదట ఉన్న అధికారి చనిపోతాడు, అతని స్థానంలో లెఫ్టినెంట్ రోకా వస్తాడు. విటిన్ లూనా అనే కుర్రాడికి అతనంటే భక్తి, తనూ అలాంటి ఆఫీసర్ కావాలని ఆశ.

తర్వాత జరిగేది మీరు చూశారు. ఒక సైనికుడు ఊరి అమ్మాయిని చెరుస్తాడు, విటిన్ అతన్ని కాపాడటానికి అబద్ధం చెబుతాడు. ఇంకో రాత్రి ఊళ్ళో పెళ్ళి విందుకు పిలవకుండా వెళ్ళి అవమానపడి వచ్చిన ఆ సైనికుడే, అక్కడ తీవ్రవాదులున్నారని చెబుతాడు. అంతే. విందులో ఉన్నవాళ్ళందరినీ పట్టుకొస్తారు, చివరికి లోయ అంచుకు నడిపిస్తారు.

ఇది కల్పించింది కాదు సార్. 1983 నవంబర్ 13న సోకోస్ అనే ఊళ్ళో పెళ్ళి నిశ్చయం వేడుక జరుగుతుంటే సించిలు అనే ప్రత్యేక పోలీసు దళం వాళ్ళు 32 మందిని చంపారు. లొంబార్ది ఐదేళ్ళకే, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, పోలీసుల బదులు సైనికుల్ని పెట్టి ఆ కథ తీశాడు. సెందేరో వాళ్ళు బాంబులు పెడుతున్న రోజులు, సైన్యం మీద మాటంటే దేశద్రోహి అనే రోజులు, రెండు వైపులా పులే. సెందేరోను ఆయన వెనకేసుకొచ్చాడా అంటే లేదు. తర్వాత 2003లో, ఆ యుద్ధంలో ఏం జరిగిందో విచారించిన సత్య కమిషన్ లెక్కతేల్చింది, రెండు దశాబ్దాల్లో చనిపోయినవాళ్ళు దాదాపు 69,000 మందని, నమోదైన చావుల్లో 54 శాతం సెందేరో చేసినవేనని. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్రభుత్వ బలగాల ఖాతాలో పడింది. చనిపోయినవాళ్ళలో నలుగురిలో ముగ్గురు కెచువా లేదా ఇంకో ఆదివాసీ భాష ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు. ఈ చివరి అంకె దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. రోకాగా నటించినాయన గుస్తావో బువేనో. ఇదే నటుడు మూడేళ్ళ ముందు, 1985లో, లొంబార్ది తీసిన 'లా సియుదాద్ ఇ లోస్ పెరోస్'లో లెఫ్టినెంట్ గాంబోవాగా నటించాడు. అది లీమాలోని ఒక మిలిటరీ స్కూలు కథ. అక్కడ ఒక పిల్లాడు అనుమానాస్పదంగా చనిపోతే, స్కూలు పరువు పోతుందని పై అధికారులు కప్పిపెడతారు. గాంబోవా ఒక్కడే నిజం బయటికి రావాలంటాడు. రూల్ అంటే రూలే, అది నాకైనా పై వాడికైనా అంటాడు, ఫలితంగా దూరంగా కొండల్లోకి బదిలీ అవుతాడు. ఒకే ముఖం, ఒకే యూనిఫాం, ఒకే హోదా. ఒకచోట క్రమశిక్షణ మనిషిని నిలబెట్టింది, ఇంకోచోట అదే క్రమశిక్షణ మనిషిని మింగేసింది. సైన్యాన్ని ద్వేషించేవాడు గాంబోవాను తీయలేడు. మీకు వీలైతే ఆ సినిమా కూడా చూడండి, రెండూ పక్కపక్కన పెడితే గానీ లొంబార్ది పూర్తిగా అర్థం కాడు.

ఇంకొకటి గమనించండి, లోయ దగ్గర కాల్చమన్నప్పుడు కాల్చనని చెప్పింది కూడా సైనికుడే. విటినే. ముందు అబద్ధమాడినవాడే, పిరికిగా నోరు మూసుకున్నవాడే, ఆ ఒక్క క్షణంలో అతని వేలు ట్రిగ్గర్ మీదికి పోలేదు. తర్వాత అతను రోకాను ఎదురెదురుగా కూర్చోబెట్టి, రివాల్వర్‌లో ఒక్క గుండు పెట్టి తిప్పి ఆడే ఆ ఆట ఉంది చూశారూ, దాన్లో నేను చూసింది అతని కళ్ళను. గెలవాలని లేదు అందులో, నువ్వూ మనిషివే కదా, నీకూ భయం వేస్తుంది కదా, ఒప్పుకో అని అడుగుతున్నట్టు ఉంది. మీ అబ్బాయి లాంటివాళ్ళ మీద గౌరవం ఉన్నవాడే ఆ సీన్ తీయగలడని నేను నమ్ముతున్నాను.

సినిమాలో నాకు నచ్చనిది కూడా చెబుతాను. ఊరివాళ్ళు మాట్లాడరు. చచ్చిపోయేది వాళ్ళు, మనం గుర్తుపెట్టుకునేది విటిన్ ముఖం. సీమ మాటను సినిమావాళ్ళు సుమోలకు, నాటు బాంబులకు తప్ప వాడలేదని ఏళ్ళ తరబడి బాధపడ్డవాళ్ళం మనం, ఆ వెలితి మనకు త్వరగా తగులుతుంది. లొంబార్ది తన వైపు నుంచి చూడగలిగింది చూశాడు, కొండవైపు నుంచి చూపించడం ఆయన వల్ల కాలేదు.

ప్రశ్న: నవలను సినిమాగా తీస్తే పాడైపోతుందని మా లైబ్రరీలో గట్టిగా వాదన జరిగింది. మారియో వర్గాస్ యోసా లాంటి రచయిత నవలలు ఈయన రెండు తీశాడట కదా, ఎలా ఉన్నాయి? (మదనపల్లె)

రెండూ బాగున్నాయి, రెండూ వేరువేరు కారణాలకు. 'లా సియుదాద్ ఇ లోస్ పెరోస్' 1963 నవల. దాన్లో కథ చెప్పే గొంతులు చాలా ఉంటాయి, వాటిలో ఒక గొంతు ఎవరిదో చివరిదాకా తెలియకుండా రచయిత దాచిపెడతాడు. పుస్తకంలో గొంతు దాచొచ్చు, తెరమీద ముఖం ఎక్కడ దాస్తాం? అందుకని ఆ ముడిని వదిలేసి, పిల్లాడి చావు, గాంబోవా నిర్ణయం మీదే సినిమాను నిలబెట్టారు. స్క్రీన్‌ప్లే రాసింది హోసే వతనాబే, జపనీస్ తండ్రికి పుట్టిన పెరూ కవి. అనవసరమైన మాట ఒక్కటి లేకుండా రాసే కవి చేతికి అంత పెద్ద నవల ఇవ్వడం లొంబార్ది తెలివి అంటాను నేను.

రెండోది 1973 నవల, సినిమా 1999లో వచ్చింది, 'పాంతలియోన్ ఇ లాస్ విసితదోరాస్'. అమెజాన్ అడవిలో సైనికులు ఊరి ఆడవాళ్ళ జోలికి పోతున్నారని పై అధికారులు ఒక బుద్ధిమంతుడైన కెప్టెన్‌ను పిలిచి, సైన్యం తరఫునే రహస్యంగా వేశ్యల సర్వీసు నడపమంటారు. అతను ఆర్డర్ ఆర్డరే అనుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, లెక్కల పుస్తకాలు రాసి దాన్ని అద్భుతంగా నడుపుతాడు. నవ్వొస్తుంది, కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. మళ్ళీ అదే ప్రశ్న చూడండి, ఆర్డర్ వచ్చింది, మనిషి ఏం చేశాడు. పుస్తకం మొత్తం మిలిటరీ రిపోర్టులు, ఉత్తరాలు, రేడియో ప్రసంగాలతో నడుస్తుంది, సినిమా వాటిని చాలావరకు వదిలి ప్రేమకథ మీదికి వెళ్ళింది. నాకైతే ఆ రిపోర్టుల హాస్యం పోవడం నష్టమే అనిపించింది. ఒక చిన్న సంగతి, నవలలో నాయికను బ్రెజిల్ పిల్ల అంటారు, సినిమాలో ఆ పాత్ర వేసిన ఆంజీ సెపేదాది కొలంబియా కాబట్టి ఆమె కొలంబియా పిల్ల అయిపోయింది. కెప్టెన్‌గా వేసిన సాల్వదోర్ దెల్ సోలార్ 2019లో నిజంగానే పెరూ ప్రధానమంత్రి అయ్యాడు.

దస్తయేవ్‌స్కీ 'నేరము శిక్ష'ను కూడా 1994లో లీమా వీధుల్లోకి తెచ్చాడు, పేరు 'సిన్ కొంపసియోన్'. మీ లైబ్రరీ వాదనకు అది పనికొస్తుంది.

ప్రశ్న: ఆయన ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కు ప్రెసిడెంట్ కూడా అట, నిజమేనా? (పుత్తూరు)

నిజమే, ఒకప్పుడు ఉండేవాడు. లీమాలోని స్పోర్టింగ్ క్రిస్తల్, అక్కడి పెద్ద క్లబ్బుల్లో ఒకటి.

ప్రశ్న: ఒక్క సినిమా మాత్రమే చూసే టైముంది, మా ఇంట్లో అమ్మతో కలిసి చూడాలి. ఏది? ఆడవాళ్ళు తీసిన పెరూ సినిమాలు ఏమైనా ఉన్నాయా? (పలమనేరు)

అమ్మతో అయితే పాంతలియోన్ వద్దు! 'కయీదోస్ దెల్ సియెలో' చూడండి, ఆకాశం నుంచి రాలిపడ్డవాళ్ళు అని. 1990లో వచ్చింది, మరుసటి ఏడాది స్పెయిన్ వాళ్ళ గోయా అవార్డు తెచ్చుకుంది. అప్పుడు పెరూలో డబ్బుకు విలువే లేకుండా పోయింది, 1990లో ధరలు ఏడాదిలో 7,000 శాతం పైన పెరిగాయి. పొద్దున చేతిలో ఉన్న నోటుకు సాయంత్రానికి అంతే సరుకు రాని కాలం. అందులో మూడు కథలు అల్లుకుని ఉంటాయి. ఒక ముసలి దంపతులు ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ తమ సమాధి కట్టించుకుంటుంటారు. నీ రాత నీ చేతిలోనే ఉందని రేడియోలో రోజూ ధైర్యం చెప్పే ఒకాయన తన రాత ముందు నిలబడలేకపోతాడు. కళ్ళు కనబడని ఒక అవ్వ, చెత్తకుప్పల్లో ఏరుకొచ్చినవి పెట్టి పందిని మేపడానికి మనవళ్ళను తరుముతుంటుంది. చివరి కథ హూలియో రమోన్ రిబెయ్‌రో కథానిక నుంచి తీసుకున్నది. మీ అమ్మగారు ఆ ముసలి దంపతుల దగ్గర ఆగిపోతారు చూడండి.

ఆడవాళ్ళ మాటకొస్తే క్లౌదియా యోసా. లీమాలో 1976లో పుట్టింది. ఆమె 'లా తేతా అసుస్తాదా' 2009లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది, తర్వాత ఆస్కార్ విదేశీ చిత్రాల తుది జాబితాలోకి వెళ్ళిన మొదటి పెరూ సినిమా అయింది. యుద్ధకాలంలో చెరచబడిన తల్లుల భయం పాలతోపాటు బిడ్డలకు దిగుతుందన్న కొండ జనం నమ్మకం మీద నడుస్తుంది ఆ కథ. నాయికగా వేసిన మగాలీ సొలియేర్ ఆయాకూచో ప్రాంతపు అమ్మాయి, సినిమాలో కెచువాలో పాడుతుంది. పైన చిత్తూరు సార్‌కు చెప్పిన వెలితి ఇక్కడ కొంత తీరింది, కొండమీద పల్లె తన గొంతుతో మాట్లాడింది. లీమా అమ్మాయికి కొండ జనం గురించి ఏం తెలుసని అక్కడ గొడవ కూడా జరిగింది. ఆ గొడవ జరగాల్సిందే, సినిమా కూడా రావాల్సిందే.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం. డైరెక్టర్ కావాలని ఉంది. మా అమ్మ కలంకారీ పని చేస్తుంది, హైదరాబాద్ పంపే స్తోమత లేదు. ఇంట్లో వద్దంటున్నారు. ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చా? (శ్రీకాళహస్తి)

నేర్చుకోవచ్చు పాపా, కొంతదూరం వరకు. ఆ తర్వాత వెళ్ళాల్సి వస్తుంది, అది దాచి నీకు ఉత్త ఆశ పెట్టను. లొంబార్దీ తక్నాలో కూర్చుని డైరెక్టర్ కాలేదు, సాంతా ఫే వెళ్ళాడు, లీమాలో స్థిరపడ్డాడు. కానీ వెళ్ళేలోపు చేయాల్సినవి రెండున్నాయి. మొదటిది, చూసిన ప్రతి సినిమా గురించి ఒక పేజీ రాయి. బాగుంది, బాలేదు అని కాదు, ఫలానా సీన్లో కెమెరా ఎక్కడుంది, ఎందుకు అక్కడుంది అని. ఆయన పత్రికలో చేసింది అదే. రెండోది, పెద్ద సినిమా కోసం ఎదురుచూడకుండా పది నిమిషాల సినిమాలు తియ్యి. ఆయనకు 1972 చట్టం దొరికింది, నీకు ఫోన్ దొరికింది. ఆ చట్టాన్ని 1992లో అక్కడి ప్రభుత్వం తీసేసింది, దాంతో ఎంతోమంది కెమెరా కింద పెట్టేశారు. లొంబార్ది మాత్రం వేరే దేశాల నిర్మాతలతో చేతులు కలిపి, ఉన్నదాంట్లో తీస్తూ పోయాడు. 2000లో జర్నలిస్టుల మీద 'తింతా రోహా' తీశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో గూఢచారి శాఖను నడిపే మనిషి ఒక ఎంపీకి డబ్బు కట్టలు ఇస్తున్న వీడియో టీవీలో వచ్చి అప్పటి అధ్యక్షుడు ఫుజిమోరి ప్రభుత్వం కూలితే, 2003లో ఆ రోజుల మీద 'ఓహోస్ కె నో వెన్' తీశాడు. దేశంలో ఏది జరిగితే దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

నీ దగ్గర ఏముందో నువ్వు గమనించలేదనుకుంటా. మీ అమ్మ వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి, ఆ చుట్టిన చోట వేళ్ళతో నొక్కుతూ గీత లాగుతుంది చూశావా, ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసే ఆ నల్లరంగు వాసన, కరక్కాయ పాలలో ముంచిన గుడ్డ పసుపు పచ్చగా ఆరడం, స్వర్ణముఖిలో నీళ్ళు లేని నెలల్లో గుడ్డ ఎక్కడ ఉతకాలా అన్న బెంగ. ఇవన్నీ హైదరాబాద్ నుంచి యూనిట్ వేసుకొచ్చినవాళ్ళకు రెండు రోజుల్లో దొరకవు. మంచి మాటలు చెప్పించుకోకు, ఇంటర్వ్యూ చెయ్యకు. అమ్మ పని చేసుకుంటుంటే ఫోన్ చేతులకు దగ్గరగా పెట్టి, కదపకుండా, ఒక గీత మొదలై పూర్తయ్యేదాకా తియ్యి. పొద్దున వెలుతురు కిటికీలోంచి వచ్చే టైములో అయితే ఇంకా మంచిది. తీశాక ముందు అమ్మకే చూపించు, ఆమె ఏమందో నాకు రాసి పంపు.